పిట్టకు లేని మైల

నా చిన్నప్పుడు మా ఊళ్ళో గుడికన్నా మా తాత ఆకుతోటకే మడి ఎక్కువ. గుడిలోకి చెప్పులు విడిచి పోతే చాలు. ఆకుతోటలోకి పోవాలంటే చెప్పులు విడవాలి, కాళ్ళు కడుక్కోవాలి, ఆ పొద్దు తలకు పోసుకుని ఉండాలి. పురిటి ఇంటికో చావు ఇంటికో వెళ్ళి వచ్చినవాళ్ళు కంచె అవతల నుంచే మాట్లాడి పోవాలి. ఆడవాళ్ళకు ఇంకో కట్టుబాటు ఉండేది. నెలలో ఆ మూడు రోజులు తోట దరిదాపులకు రాకూడదు, నీడ కూడా తీగ మీద పడకూడదు. పడితే తీగ మాడిపోతుందని మా తాత చెప్పేవాడు. ఆయనకు ఆయన తాత చెప్పాడట. ఆ తాతకు ఎవరు చెప్పారో అడిగే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేకపోయింది. నాకిప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. ఈ సంగతి చాలామందికి చెప్పాను. వినడానికి ఇబ్బందిపడే వాళ్ళకు ఇంకొంచెం గట్టిగా చెప్పాను.

తమలపాకు తోటను మా వైపు ఆకుతోట అంటారు. మాది పెద్దపంజాణికి రెండు మైళ్ళ దూరంలో చిన్న పల్లె. మాకున్నది మూడెకరాల మెట్ట, ఒక బావి, ఆ బావి కింద అరెకరం ఆకుతోట. మెట్టలో వాన పడితే వేరుసెనగ, లేకుంటే లేదు. ఇంట్లో ఐదుగురం రెండు పూటలా తిన్నామంటే ఆ అరెకరం పుణ్యమే. తోటలో అవిసె చెట్లు వరసలుగా ఉండేవి. ఒక్కో చెట్టును పట్టుకుని ఒక్కో తమలపాకు తీగ పైకి పాకేది. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా లోపల తడిమన్ను చల్లదనం, పచ్చి ఆకు ఘాటు వాసన. ఇరవై రోజులకొకసారి ఆకు కోసి, తడిగుడ్డ కప్పిన గంపల్లో పెట్టి, మా తాత పుంగనూరు సంతకు తీసుకుపోయేవాడు.

ఆ తోటలో నాకొక పని ఉండేది. తీగ పాకే కొద్దీ దాన్ని చెట్టుకు అరటినారతో కట్టాలి. బిగించి కడితే తీగ తెగుతుంది, వదులుగా కడితే జారుతుంది. పెద్దవాళ్ళ మొద్దువేళ్ళకు అది అంత సులువుగా అలవడదు. నాకు ఏడేళ్ళప్పుడే అలవడింది. బడి వదిలిన వెంటనే పుస్తకాల సంచి గుంజకు తగిలించి తోటలో దూరేదాన్ని. ఈ పిల్ల హస్తవాసి మంచిదని మా తాత సంతలో కూడా చెప్పుకునేవాడట. ఆ మాట ఎవరైనా మోసుకొచ్చి చెప్పినప్పుడు నాకు రెండు రోజులు ఆకలయ్యేది కాదు. ఆయన నోట మెప్పు రావడం అంత అరుదు.

ఏడో తరగతిలో నేను పెద్దమనిషినయ్యాను. చిమ్మిలి ఉండలు తినిపించారు, కొత్త పావడా కట్టించారు, ఇంటి వెనక కట్టెల కొట్టంలో చాప వేసి కూర్చోబెట్టారు. అప్పటికి అదంతా పండగలాగే ఉంది. రెండో నెల మాత్రం నాకు తెలియకుండానే వచ్చింది. నేను తోటలో ఉన్నాను, దిగువ చివర రెండో వరసలో తీగ కడుతున్నాను. ఇంటికి పోయి చూసుకున్న తర్వాత గానీ తెలియలేదు. మా అమ్మతో చెబితే ఆమె ముఖం పాలిపోయింది. తోటలో ఉన్నానని ఎవరితోనూ అనవద్దంది. నేను అనలేదు. కానీ సాయంత్రం మా తాత కొట్టం ముందు నిలబడి, ఎప్పటినుంచి బయట ఉన్నావు, మధ్యాహ్నం తోటలో ఉన్నావు కదా అని అడిగాడు. అబద్ధం చెప్పడం నాకు చేతకాలేదు.

వారం తిరిగేసరికి దిగువ రెండు వరసల్లో తీగలు వాడిపోయాయి. ముందు ఆకు వాలిపోయి పసుపుపచ్చగా మారింది, తర్వాత కణుపులు నల్లబడ్డాయి. సరిగ్గా నేను నిలబడిన చోటే.

మా తాత నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. నన్ను చూడడం మానేశాడు, అంతే. నేను అన్నం పెడితే కంచం వైపు చూసేవాడు. నేను ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాడు. నేనే చంపానని నేను కూడా నమ్మాను. బడిలో పాఠం వింటూ నా చేతులకేసి చూసుకునేదాన్ని. ఇంట్లో వాళ్ళందరి కూటినీ నా నీడ కాల్చేసిందని అనుకున్న పన్నెండేళ్ళ పిల్లకు నిద్ర ఎలా పడుతుంది? ఇప్పుడు ఆ పిల్లను తలచుకుంటే నాకు జాలి కన్నా కోపం ఎక్కువ వస్తుంది. ఆ కోపం ఆమె మీద కాదు.

మా తాత మైల కడిగే పని మొదలుపెట్టాడు. పసుపు, గోమూత్రం కలిపిన నీళ్ళు ఆ రెండు వరసల్లో చల్లాడు. అది చాలదని, రోజూ తెల్లవారి ఎద్దులను బావిలో నీళ్ళు తోడే కపిలకు కట్టి, మామూలు తడి కాక ఇంకో తడి ఆ రెండు వరసలకు విడిగా పారించాడు. పారే నీళ్ళతో మైల కొట్టుకుపోవాలని ఆయన లెక్క. పది రోజులు అలా పారించేసరికి మూడో వరస వాలిపోయింది, నాలుగో వరస పసుపు తిరిగింది. మైల అంత గట్టిది అన్నాడు మా తాత. పిల్ల ఈ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తోట కోలుకోదని తేల్చేశాడు. కుప్పం అవతల గుడుపల్లెలో మా అత్త ఉండేది. నన్ను ఆమె దగ్గర దింపి రావాలని, తోట మళ్ళీ చిగురించిన తర్వాత పిలిపించుకోవాలని చెప్పాడు. చిగురించకపోతే ఏమిటో చెప్పలేదు. ఆ ఊళ్ళో నాకు బడి ఉండదు, మా అత్త వాళ్ళ గొర్రెలు ఉంటాయి. మా నాయన తాత మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. మా అమ్మ ఏడుస్తూ నా పావడాలు మడత పెట్టింది.

ఇక మా అవ్వ గురించి చెప్పాలి. సన్నగా, పొట్టిగా ఉండేది. తాత ఎదుట నోరెత్తగా ఎవరూ చూడలేదు. ఆయన ఏమంటే దానికి ఊఁ అనేది. ఊళ్ళో వాళ్ళు కొత్త కోడళ్ళకు ఆమెను చూపించి, ఇల్లాలంటే అట్లుండాలని బుద్ధి చెప్పేవాళ్ళు. నేను కూడా ఆమెను అంతవరకే ఎరుగుదును. నన్ను పంపేయాలన్న మాట వచ్చిన రోజు కూడా ఆమె ఊఁ అనే ఊరుకుంది. అమావాస్య వెళ్ళనివ్వమని మాత్రం అంది. అమావాస్య అంటే మా తాత కాదనడని ఆమెకు తెలుసు.

ఆ మధ్యలోనే నాకు మూడోసారి వచ్చింది. కట్టెల కొట్టంలో మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్నాను. మా తాత ఆకు గంపలతో పుంగనూరు పోయాడు. మా నాయన మెట్ట మీద ఉన్నాడు. పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉంది. అవ్వ కొట్టం వాకిట్లో నిలబడి, లేచి రా, తోటకు పోదాం అంది. నేను బయట ఉన్నాను కదా అవ్వా అన్నాను, ఆమెకు మతిమరుపు వచ్చిందేమోనని భయపడి.

“తెల్సులే. అందుకే రమ్మంటాండా” అంది.

నా చెయ్యి పట్టుకుంది. బయట ఉన్నప్పుడు నన్ను ఎవరైనా ముట్టుకోవడం అదే మొదటిసారి. ఆ చెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉంది. తోట కంచె దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. అవ్వ బానలో నీళ్ళు ముంచి నా కాళ్ళు తానే కడిగి, బయటి బురద కాళ్ళతో పోతే తెగులు తోటలోకి వస్తుందని, కడుక్కునేది అందుకేనని చెప్పింది. లోపలికి నడిపించింది. ఎగువ చివర ఏడో వరస దాకా పోయి ఆగింది.

అక్కడ రెండు చెట్ల నడుమ అల్లుకున్న తీగల గుబురులో, నా భుజమంత ఎత్తులో, పిగిలిపిట్ట గూడు ఉంది. పిగిలిపిట్టను చూడనివాళ్ళుండరు. నల్లటి తల మీద చిన్న కుచ్చు, గోధుమరంగు ఒళ్ళు, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎర్రటి మచ్చ. పొద్దున్నే అది పాడితే తోటంతా ఎవరో నవ్వినట్టు ఉండేది. ఆ తల్లిపిట్ట గూడు విడిచి ఎదురుగా కొమ్మ మీద కూర్చుని మమ్మల్ని కోపంగా చూస్తోంది. అవ్వ నన్ను నాలుగడుగుల దూరంలో కూర్చోబెట్టి, అటు తీగను, ఇటు పిట్టను చూపించి, ఈ రెండింట్లో ఏది సుకుమారమో చెప్పమంది.

తీగే అన్నాను. అందులో ఆలోచించేదేముంది? తీగంటే సుకుమారం, ఆధారం లేకుండా నిలబడలేదు, నీడ పడితే మాడిపోతుంది. పిట్టంటే మొండిది, ఎక్కడైనా బతుకుతుంది. ఊరంతా అనేదే నేను అన్నాను.

అవ్వ తీగ గురించి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. ఇది ఎక్కడ నుంచి వచ్చింది? ముప్పై మైళ్ళ అవతలి తోట నుంచి ముక్కలుగా కోసి, కట్టలు కట్టి, బండిలో వేసుకొస్తే నాటుకుంది. ఇరవై రోజులకొకసారి దీనికి ఏమవుతుంది? బొటనవేలికి ఇనుపగోరు తొడుక్కుని ఆకులన్నీ తుంచేస్తారు. ఏడాదికొకసారి ఏమవుతుంది? చెట్టు మీద నుంచి మొత్తం తీగను లాగి కిందికి దించి, మోకును చుట్టినట్టు చుట్టి, మొదట్లోనే మన్నులో పూడ్చేస్తారు. పూడ్చిన నెలకు కొత్త చిగురుతో మళ్ళీ పాకుతుంది. కోసినా, తుంచినా, పూడ్చినా చావని తీగ ఆడపిల్ల నీడకు చస్తుందా అని అడిగింది.

పిట్ట గురించి కూడా అడిగింది. గూడు దగ్గరికి మనిషి చెయ్యి వస్తే గుడ్లను విడిచి పోతుంది. ఎండ రవ్వంత ఎక్కువైతే పిల్లలు నోళ్ళు తెరిచి చస్తాయి. పోయిన ఏడు ఒక్క గాలివానకు రెండు గూళ్ళు నేల పాలయ్యాయి. ఈ తోటలో ఉన్నవాటిలో దానంత సుకుమారమైనది లేదు. మరి అది ఎక్కడెక్కడ తిరిగి వస్తుంది? పేడకుప్ప మీద పురుగును ఏరుకుంటుంది, శ్మశానం పక్కన కంపలో పండు తింటుంది, అదే కాలితో వచ్చి తీగ మీద వాలుతుంది. కాళ్ళు కడుక్కున్నావా అని దాన్ని మీ తాత ఎప్పుడైనా అడిగాడా అంది. నాకు అన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది. అవ్వ నవ్వలేదు. గడ్డం ఎత్తి పిట్ట తోక కేసి చూపించింది.

“ఏ పొద్దు సూసినా దాని కింద ఎరుపే. దాన్నేమన్నా కొట్టంలో కూసోబెట్టినారా? పిట్టను ఎవురూ ఆపలేరు పాపా, అందుకే దానికి మైల లేదు. నిన్ను ఆపొచ్చు. అందుకే నీకుండాది.”

నేను ఆ వయసులో చాలా పద్యాలు కంఠతా పట్టాను, ఒక్కటీ గుర్తు లేదు. ఈ మాట మాత్రం ఒక్క అక్షరం పోకుండా గుర్తుంది.

తర్వాత నాకు అరటినార ఇచ్చి ఏడో వరస కట్టమంది. మొదటి రెండు ముళ్ళు సరిగా పడలేదు. మూడో దానికి కుదిరింది. ఆ మూడు రోజులూ మా తాత ఏదో పని మీద బయటికి పోగానే ఇద్దరం తోటకు పోయాం. వరసంతా నేనే కట్టాను. రెండో రోజు అవ్వ నన్ను దిగువ వరసల దగ్గరికి తీసుకుపోయి, వాడిన తీగ మొదట్లో వేళ్ళు పెట్టి మన్ను తవ్వి, ఆ మన్ను నా ముక్కు దగ్గర పెట్టింది. కుళ్ళు కంపు కొట్టింది. ఆ ఏడాది మా తాత కాలవను మార్చి తవ్వించాడు. నీళ్ళన్నీ దిగువకు చేరి బయటికి పోయే దారి లేక నిలబడిపోతున్నాయి. వేర్లు కుళ్ళి తీగ చచ్చిందని, మైల కడగాలని పారించిన ప్రతి తడీ ఇంకో వరసను చంపుతోందని ఆమె చెప్పింది. కాలవ తవ్వేటప్పుడే ఆ మాట తాతతో అన్నదట. ఆకుతోట సంగతి ఆడదానికేం తెలుసు అన్నాడట.

ఆడదానికి ఎంత తెలుసో మూడో రోజు బయటపడింది. అవ్వ పెళ్ళయి వచ్చిన రెండో ఏట మా తాత విషజ్వరంతో మంచాన పడ్డాడు. గాలులకు తీగలన్నీ ఊడి కిందికి వేలాడుతున్నాయి. కూలీలు రాలేదు. అవ్వ బయట ఉంది. తీగలు ఎటూ పోయేవే కదా, తన వల్ల పోతే ఏమిటని తెగించి, ఒక్కతే తోటంతా కట్టింది. ఆ తర్వాత నెల రోజులు రోజూ భయంతో తీగల కేసి చూసింది. ఒక్క ఆకు వాడలేదు. ఆ ఏడు మా తోట ఆకుకు సంతలో మంచి పేరొచ్చింది. అప్పటినుంచి ఆమె ఆ రోజుల్లో కొట్టంలో కూర్చున్నట్టే కూర్చుని, అందరి కళ్ళూ కప్పి, పని ఉన్నప్పుడల్లా తోటకు పోయి వచ్చేది. ఆమెకు ఆ రోజులు ఆగిపోయేదాకా అలాగే చేసింది. ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆమె ముఖం దొంగబెల్లం తిన్న చిన్నపిల్ల ముఖంలా వెలిగింది. ఊరంతా మెచ్చుకునే ఆ ఇల్లాలి లోపల ఇంత పోకిరిది దాక్కుని ఉందని నాకు ఆ పొద్దే తెలిసింది.

నేను ఆమెను ఒక మాట అడిగాను. నొప్పించాలని కాదు, తెలియక అడిగాను.

“మరి యాల సెప్పలేదు అవ్వా? నువ్వు అప్పుడే సెప్పుంటే నన్ను గుడుపల్లెకు పంపుతారా?”

ఆమె ముఖంలో వెలుగు పోయింది. నార చుట్టను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అన్నం మాడబెట్టింది. నాకు తెలిసి ఆమె అన్నం మాడబెట్టడం అదొక్కసారే. నేనేదో అనకూడని మాట అన్నానని కుమిలిపోయాను. మరుసటి రోజు నా తల దువ్వుతూ, చెప్పాలి పాపా అంది. తాను చెబితే ముసలిది మనవరాలి కోసం కథలల్లుతోందని అంటారని, చెప్పాల్సింది నేనేనని, తాను పక్కన ఉంటానని అంది. అప్పుడే వద్దు, ఆకు రానివ్వు అంది.

అమావాస్య దాటింది. అవ్వకు మోకాలి నొప్పి పట్టుకుంది, ఇంటి పనికి పిల్ల ఉండాలంది. మోకాలి నొప్పి తగ్గేసరికి ఆకు కోత వచ్చింది. ఆ నొప్పి ఎంత నిజమో నేను అడగలేదు. మా తాత ఇంక ఆగేది లేదని, కోత కాగానే సంత మీదుగా నన్ను బస్సెక్కించి తానే తీసుకుపోతానని చెప్పాడు. నా గుడ్డలమూట గడప పక్కన తయారుగా ఉంది.

కోత రోజు మధ్యాహ్నం మా తాత భోజనం చేసి అరుగు మీద కూర్చున్నాడు. రోజూ లాగే అవ్వ ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి, మడిచి ఇచ్చింది. మా నాయన గంపలు సర్దుతున్నాడు, మా అమ్మ గడపలో ఉంది. తాత నమలడం మొదలుపెట్టి, కాసేపటికి తల ఊపి, ఆకు భలే ఉంది, ఏ వరసదని అడిగాడు. ఏడో వరస అంది అవ్వ. దిగువ వరసలు అంత పాడైపోయినా ఎగువన మడి నిలబడింది కాబట్టి ఆకు ఇంత కమ్మగా ఉందని ఆయన మా నాయనకు చెప్పాడు. సంతలో ఆ ఆకు విడిగా పెట్టమన్నాడు. నోరు ఎర్రగా పండింది.

అవ్వ నాకేసి చూసింది. చెప్పకపోతే సాయంత్రానికి బస్సులో ఉంటాను, చెబితే ఏమవుతుందో తెలియదు. గుడ్డలమూట దాటుకుని పోయి అరుగు ముందు నిలబడ్డాను.

“తాతా, ఆ వరస నేనే కట్టినా. బయటున్న మూడు దినాలూ నేనే కట్టినా.”

మా తాత దవడ ఆగిపోయింది. మా అమ్మ గడప పట్టుకుంది. మా నాయన గంప మీద చేతులు అలాగే ఉంచేశాడు. నోటి నిండా తాంబూలం ఉంది, మాట్లాడలేడు, మింగలేడు. కళ్ళు మాత్రం నా మీద పెట్టాడు. నెలన్నర తర్వాత ఆయన నన్ను చూడడం అదే. లేచి అరుగు చివరికి పోయి, ఉమ్మడానికి వంగాడు. అప్పుడు మా అవ్వ లేచింది. గొంతు పెంచలేదు. సున్నపుకాయ మూత పెడుతూ, ఆయన వీపు కేసి చూస్తూ అంది.

“నేను బయటున్న దినాల్లో గూడా నీ తోటలో తీగ కట్టినా. జ్వరంతో నువ్వు మంచాన పడిన ఏటి నుంచి కట్టినా. ఇన్నేండ్లుగా నీ నోట్లో పండేది ఆ ఆకే. ఉమ్మాలంటే అన్నేండ్లదీ ఉమ్ము. ఈ పిల్లది ఒక్కటే ఉమ్ముతానంటే ఒప్పుకోను.”

ఆయన అలాగే వంగి ఉన్నాడు. ఎంతసేపో నేను చెప్పలేను. ఒక కోడి వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరికి గింజలేరుకుంటూ పోయింది. ఉమ్మితే పెళ్ళాం చేతి తాంబూలాన్ని, దానితో పాటు తాను గర్వంగా చెప్పుకున్న తోట పేరును కూడా ఉమ్మినట్టు. ఉమ్మకపోతే తన తాత మాట, ఆ తాత తాత మాట పోయినట్టు. మెల్లగా నడుము ఎత్తాడు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. దవడ మళ్ళీ కదిలింది. ఎవరి ముఖమూ చూడకుండా, చివరి దాకా నమిలి, రసం మింగాడు.

నమలడం అయ్యాక ఆయన తోటకు పోయాడు. మేము ఎవరమూ వెంట పోలేదు. కొంతసేపటికి మా నాయనను కేకేసి పార తెమ్మన్నాడు. దిగువ వరసలకు నీళ్ళు పోయే దారి ఇద్దరూ కలిసి కట్టేశారు. నిలిచిన నీళ్ళు బయటికి పోవడానికి చిన్న కాలవ తీశారు. దిగువ మూడు వరసలు చచ్చాయి. పసుపు తిరిగిన నాలుగోది బతికింది. నా గుడ్డలమూటను మా అమ్మ ఆ సాయంత్రమే విప్పేసింది. నేను మర్నాడు బడికి పోయాను.

మా తాత తప్పు ఒప్పుకున్నాడా అంటే, లేదు. చనిపోయేదాకా ఆ సంగతి ఎత్తలేదు. ఊళ్ళో వాళ్ళకు ఆకుతోట మడి గురించి ఎప్పటిలాగే చెప్పేవాడు. కానీ నేను ఎప్పుడు తోటలోకి పోయినా, ఏ పొద్దు పోయినా, ఎందుకని అడగలేదు. అవ్వతో మాత్రం కొన్నాళ్ళు మాట్లాడలేదు. తాంబూలం మాత్రం ఆమె చేతిదే తీసుకున్నాడు. అవ్వ దానికి బాధపడలేదు. ఇన్నేళ్ళూ నేను ఊఁ అంటుంటే ఆయన మాట్లాడాడు, ఇప్పుడు ఆయన ఊఁ అంటే నేను మాట్లాడతాను అని నా చెవిలో అంది.

పెళ్ళయి కురబలకోట వచ్చిన తర్వాత మా అత్తగారి ఇంట్లో ఊరగాయ జాడీకి ఇదే కట్టుబాటు ఉంది. మొదటి నెలలోనే ఆమెతో, అత్తా, నేను బయట ఉన్నాను, ఊరగాయ తీస్తున్నాను అని చెప్పి తీశాను. ఆమె ఆ జాడీలోది రెండు నెలలు ముట్టలేదు. మూడో నెల వేరే జాడీ ఖాళీ అయి, ఇదే తిని, కారం కొంచెం తక్కువైందని వంక పెట్టింది. తర్వాత మేము టమోటా వేశాం. ముప్పై ఏళ్ళు వేశాం. ఆ తోటలో ఆడకూలీలను బయట ఉన్నావా అని ఏ ఒక్క మగవాడూ అడగగా నేను వినలేదు. టమోటాకు మైల అంటదట. అంటితే మదనపల్లె మార్కెట్టుకు కాయ పోదు మరి. కోసేదంతా ఆడవాళ్ళే. అవసరం ఉన్నచోట మైల దానంతటదే ఎలా మాయమవుతుందో నేను కళ్ళారా చూశాను. ఈ మాట మొహం మీద అన్నందుకు కొందరు చుట్టాలు మా ఇంటికి రావడం మానేశారు. వాళ్ళు రాలేదని నేనేమీ చిక్కిపోలేదు.

అవ్వ ధైర్యం నాకు వచ్చిందని అంటారు. నాకు ఆమె ధైర్యం కన్నా, ఆ పొద్దు నార చుట్ట ఒళ్ళో పెట్టుకుని మాట లేకుండా కూర్చున్న ముఖమే ఎక్కువ గుర్తొస్తుంది. ఎదిరించి బతికింది, కానీ ఎవరికీ తెలియకుండా ఎదిరించింది. అందువల్ల ఆ కట్టుబాటుకు ఒక్క బీట పడలేదు. ఆమె తర్వాత మా అమ్మ మీద, మా అమ్మ తర్వాత నా మీద అది చెక్కు చెదరకుండా వచ్చి వాలింది. ఆ సంగతి ఆమెకు ఆ మధ్యాహ్నం అర్థమైంది. ఆమెకు అర్థం కావడం నేను చూశాను. అందుకే ఏదైనా కాదనాల్సి వస్తే నేను చాటుగా కాదనను. ముందు చెబుతాను, తర్వాత చేస్తాను.

మొన్న కుప్పం నుంచి నా మనవరాలు ఫోన్ చేసింది. వాళ్ళ అత్తగారింట్లో వ్రతం, పదిమంది చుట్టాలు వచ్చారు, దీపం ఆమె వెలిగించాలి, ఆమెకు అదే రోజు వచ్చింది. వెనక గదిలో నుంచి గుసగుసగా మాట్లాడుతోంది. ఎవరికీ తెలియదులే అమ్మమ్మా, చెప్పకుండా వెలిగించేస్తాను అంది. వద్దన్నాను. తల నొప్పి అని చెప్పి పడుకోనా అంది. అదీ వద్దన్నాను. ఫోన్ పెట్టేయకుండా చేతిలో పట్టుకుని ముందు గదిలోకి పొమ్మన్నాను. అటు వైపు గాజుల చప్పుడు, పిల్లల గోల, ఎవరో తాంబూలం పళ్ళెం అడగడం వినిపించాయి. తర్వాత నా మనవరాలి గొంతు వినిపించింది. చివరి వరసలో కూర్చున్న వాళ్ళకు కూడా వినబడేట్టు చెప్పింది.